సర్వే నెంబర్ 5/2 ఫిబ్రవరి 5 ఎలా అయింది? కోడ్‌తో ఎక్సెల్ ఫైల్ రాయడం

ఈరోజు ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, ఫోన్ ఉంటే చాలు. పైథాన్‌లో ఒక చిన్న లైబ్రరీతో ఎక్సెల్ ఫైల్ ఎలా తయారు చేయాలో చూద్దాం. కానీ ముందు నేను చేసిన ఒక ఘనకార్యం చెప్తా, అప్పుడు ఇది ఎందుకు కావాలో మీకే అర్థం అవుతుంది.

నేను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివా. పదో తరగతి కాగానే వచ్చి, ఆరేళ్లు ఇక్కడే. మా మామ వాళ్ల ఊరు కూడా దగ్గరే. పులివెందుల వైపు అరటి తోటలు ఎట్లుంటాయో మీకు తెలుసు కదా, గెలలు దిగే టైంకి ఒక్క పెద్ద గాలి కొడితే చాలు, చెట్లు నడుముకు విరిగి పడిపోతాయి. 2025లో అట్లే పడ్డాయి. నష్టపోయిన రైతుల లిస్టు రాసి ఆఫీసులో ఇవ్వాలి. పేరు, సర్వే నెంబర్, ఎకరాలు, బ్యాంక్ అకౌంట్. "నువ్వు ఇంజినీరువు గదా, నువ్వే చెయ్యిరా అబ్బీ" అన్నాడు మామ. 43 మంది.

కొందరు వాట్సాప్‌లో పెట్టారు, కొందరు ఫోన్ చేసి చెప్పారు. అన్నీ ఫోన్‌లోనే కామాలు పెట్టి సీఎస్వీగా టైప్ చేశా. ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్‌లో తెరుచుకుంది. తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా వచ్చాయి. సరేలే అని పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో మళ్లీ కొట్టి, కాలమ్‌లు వెడల్పు చేసి, ఎక్సెల్ ఫైల్‌గా సేవ్ చేసి, ప్రింట్ తీసి మామ చేతిలో పెట్టా. నా ధ్యాసంతా పేర్ల మీదే ఉంది. మామ చూసి, "ఏందిరా ఇది? నా చేను ఫిబ్రవరి అయిపాయ?"

ఆయన సర్వే నెంబర్ 5/2. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంది. 05-ఫిబ్రవరి అని వేసింది. 12/3 ఉన్నాయన మార్చి 12 అయ్యాడు. 112/1 ఉన్నాయన మాత్రం బతికిపోయాడు, 112వ తేదీ లేదు కాబట్టి!

నవ్వొచ్చింది గానీ, తర్వాత అకౌంట్ నెంబర్లు చూసి భయమేసింది. ఎక్సెల్ ఏ అంకెనైనా 15 స్థానాల వరకే సరిగ్గా గుర్తుపెట్టుకుంటుంది. ఇద్దరివి 16 అంకెల అకౌంట్లు. ఆ రెండింటిలో చివరి అంకె సున్నా అయిపోయింది. ముందు సున్నా ఉన్న అకౌంట్లకు ఆ సున్నా ఎగిరిపోయింది. అది అట్లే ఆఫీసుకు పోయి ఉంటే, డబ్బులు వచ్చే రోజు వాళ్లకు రావు. ఎందుకు రాలేదో కూడా ఎవరికీ తెలీదు.

వెనక్కి మార్చొచ్చు కదా అంటారేమో. కుదరదు. ఎక్సెల్ లోపల తేదీ అంటే ఒక నెంబర్ అంతే, 1900 నుంచి రోజుల లెక్క. 2025లో ఇండియా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 5/2 పడితే లోపల 45693 అని సేవ్ అవుతుంది. అమెరికా సెట్టింగ్ ఉంటే అదే 5/2 మే 2వ తేదీ, అంటే 45779. అసలు మనం రాసిన 5/2 ఆ ఫైల్‌లో ఎక్కడా ఉండదు. ఫోన్‌లో చెప్పిన వాళ్లందరికీ మళ్లీ ఫోన్ చేసి అడిగా.

ఇది మనకే జరిగింది కాదు. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లు ఉండేవి. ఎక్సెల్ వాటిని తేదీలు చేసి చేసి, చివరికి శాస్త్రవేత్తలే ఆ జన్యువుల పేర్లు మార్చుకున్నారు. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ ఆటోమేటిక్ మార్పును ఆపుకునే సెట్టింగ్ ఇచ్చింది. కానీ ఆఫీసులో ఎవరి కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందో మన చేతిలో లేదు కదా.

అందుకే కోడ్. లైబ్రరీ పేరు ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌రైటర్, రాసింది జాన్ మెక్‌నమారా. పూర్తిగా పైథాన్‌లోనే ఉంటుంది, వేరే ఏ లైబ్రరీ మీదా ఆధారపడదు. అందుకే ఫోన్‌లో పైడ్రాయిడ్ యాప్‌లో కూడా పిప్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది రాస్తుంది, అంతే. ఉన్న ఫైల్‌ను చదవదు, మార్చదు. దానికి ఓపెన్‌పైఎక్సెల్ వాడాలి.

కోడ్ స్క్రీన్ మీద ఉంది, నేను మాటల్లో చెప్తా. ముందు వర్క్‌బుక్ తయారు చేయాలి, దాంట్లో ఒక వర్క్‌షీట్. తర్వాత పైథాన్‌లో ఉండే సీఎస్వీ మాడ్యూల్‌తో, యూటీఎఫ్-8 అని చెప్పి, నా పాత ఫైల్‌ను చదవాలి. ఈ మాడ్యూల్ తెలివితేటలు చూపించదు, ప్రతిదాన్నీ టెక్స్ట్‌గానే ఇస్తుంది. అదే మనకు కావాల్సింది. పాండాస్ వాడేవాళ్లు మాత్రం డీటైప్ స్ట్రింగ్ అని చెప్పకపోతే ముందు సున్నాలు అక్కడే పోతాయి.

ఇక ఒక్కో గడిలో రైట్-స్ట్రింగ్‌తో రాయాలి. వరుసలు, కాలమ్‌లు సున్నా నుంచి మొదలు, అంటే ఎ1 గడి 0, 0. సర్వే నెంబర్, అకౌంట్ కాలమ్‌లకు ఫార్మాట్‌గా 'ఎట్' గుర్తు ఇవ్వండి. అంటే టెక్స్ట్ అని. ఇది లేకపోయినా 5/2 సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఆఫీసులో ఎవరైనా ఆ గడి మీద డబుల్ క్లిక్ చేసి ఎంటర్ కొడితే మళ్లీ ఫిబ్రవరి! చివర్లో క్లోజ్ మర్చిపోవద్దు, క్లోజ్ చేస్తేనే ఫైల్ పూర్తవుతుంది.

ఎకరాలు మాత్రం రైట్-నంబర్‌తోనే, కూడాలి కాబట్టి. దానికి ఫార్మాట్ 0.00. ఎందుకంటే 2.50 అంటే మన దగ్గర 2 ఎకరాల 50 సెంట్లు. ఎక్సెల్ 2.5 అని చూపిస్తే మా మామ 2 ఎకరాల 5 సెంట్లు అని చదివాడు, గొడవైంది.

కింద మొత్తం కోసం సమ్ ఫార్ములా పెట్టా, 2వ వరుస నుంచి 44 వరకు. వాట్సాప్‌లో పంపితే ఒకాయన, "మొత్తం సున్నా అని ఉంది, ఏమప్పా?" అన్నాడు. ఈ లైబ్రరీ ఫార్ములాను రాస్తుంది గానీ లెక్క చేయదు, జవాబు దగ్గర సున్నా పెడుతుంది. ఎక్సెల్ తెరవగానే లెక్కేసుకుంటుంది, కానీ కొన్ని ఫోన్ యాప్‌ల ప్రివ్యూ లెక్కేయదు. రైట్-ఫార్ములాలో చివర జవాబు కూడా ఇవ్వొచ్చు. పైథాన్‌లోనే కూడి ఆ విలువ ఇచ్చా, సరిపోయింది.

తెలుగు పేర్లు? ఏమీ చేయక్కర్లేదు. ఈ ఫైల్ నిజానికి ఒక జిప్. పేరు చివర జిప్ అని మార్చి ఫోన్‌లోనే తెరవండి, లోపల ఎక్స్ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి, యూటీఎఫ్-8లో. అందుకే తెలుగు తెలుగులానే వస్తుంది. రెండోసారి ప్రింట్‌లో పేర్లన్నీ తెలుగులోనే ఇచ్చా. మామ వేలు పెట్టి 43 వరుసలూ చదివాడు. రెండు పేర్లలో నా స్పెల్లింగ్ తప్పులు దొరికాయి, అవి కోడ్ పట్టుకోలేదు.