ఇంట్లో నాలుగు రకాల నీళ్లు

మా పెద్దమ్మ ఇంట్లో కొత్తవాళ్లు దాహమేసినా సొంతంగా నీళ్లు ముంచుకోకూడదు. అక్కడ నాలుగు రకాల నీళ్లుంటాయి. పెరట్లో తొట్టినిండా బోరు నీళ్లు. అవి అంట్లకి, బట్టలకి, స్నానానికి. వసారాలో నీలం డ్రమ్ముల్లో కొళాయి నీళ్లు. వాటిని కొళాయి నీళ్లని ఎవరూ అనరు, సాగర్ నీళ్లంటారు. అవి అన్నానికి, పప్పుకి. కొళాయి రాని వారాల్లో కొన్న ట్యాంకరు నీళ్లు ఆ పక్కనే గాబులో, మీద పాత చీర ముక్క కట్టి ఉంటాయి. తాగడానికి మాత్రం గుమ్మం పక్కన స్టాండు మీద ఇరవై లీటర్ల క్యాను. పోయినేడు ఎండల్లో వెళ్లినప్పుడు తెలియక డ్రమ్ములో చెంబు ముంచాను. "ఒరే అబ్బాయ్, అయ్యి తాగేయి కాదురా" అంటూ చెంబు లాక్కుంది.

"మరి అన్నం వీటితోనే కదా వండేది?"

"అన్నం ఉడుకుద్ది కదా" అంది పెద్దమ్మ.

ఉడికిస్తే ఏది పోతుంది, ఏది పోదు అన్న దగ్గరే ఆ ఊరి కష్టమంతా ఉంది. ఊరి పేరు రాయను. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు దర్శి, పొదిలి, కనిగిరి చుట్టుపక్కల తిరిగినవాళ్లు ఏ ఊరనుకున్నా పెద్దగా తప్పు లేదు. చిన్న టౌను, ఒక బస్టాండు, రెండు సినిమా హాళ్లు, సందుకో వాటర్ ప్లాంటు.

అక్కడి మనిషిని హైదరాబాదులో కూడా గుర్తుపట్టొచ్చని మావాళ్లలో ఒక మాట ఉంది. నవ్వితే చాలట. పళ్ల మీద గార. పచ్చగా, గోధుమరంగుగా అడ్డ చారలు, ఎంత తోమినా పోవు. పోయే గార కాదది. ఎనిమిదేళ్లలోపు, పళ్ల మీద పింగాణీ తయారయ్యే వయసులో తాగిన నీళ్లు లోపల్నుంచి వేసిన ముద్ర. అందుకే అక్కడ చాలామంది ఆడపిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పళ్లతో ఆగితే అదృష్టమే. ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే వాటిలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది. మెడ తిరగదు. వంగిన నడుం లేవదు. వెన్నులో నరాలు నొక్కుకుపోతే కాళ్లు చచ్చుబడతాయి. ఇంత జరిగాక దానికి మందు లేదు. చేయగలిగింది నీళ్లు మార్చడమే, అది కూడా తర్వాతి పిల్లల కోసం.

ఇది నిన్నా మొన్నా బయటపడింది కాదు. 1937లో హెన్రీ షార్ట్ అనే డాక్టరు, తన సహచరులతో కలిసి, మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును పరిశీలించి, కారణం తాగేనీళ్లలోని ఫ్లోరైడేనని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశాడు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించింది అప్పుడే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా, అంటే తర్వాతి ప్రకాశం జిల్లా, ఏర్పడ్డాక ఇటొచ్చాయి. ఆ షార్టే తర్వాత 1948లో గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తతో కలిసి, మనిషి కాలేయంలో మలేరియా క్రిమి దాక్కునే దశను కనిపెట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆయన మా వైపు నీళ్ల గురించి తేల్చిన విషయం మాత్రం కాగితం మీద అలాగే ఉండిపోయింది. ఫ్లోరైడ్ అనగానే ఇప్పుడు అందరికీ నల్గొండే గుర్తొస్తుంది. నల్గొండ బాధ చిన్నదని కాదు. అక్కడివాళ్లు రోడ్డెక్కారు, ఢిల్లీ దాకా వెళ్లారు. మావాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఫ్లోరైడ్‌ను ఎవరో తెచ్చి నీళ్లలో కలపలేదు. అది రాతిలోదే. కనిగిరి కొండ గ్రానైటులో ఫ్లోరైట్ అనే ఖనిజం ఉంది. భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు ఆ రాయిని ప్రత్యేకంగా 'కనిగిరి గ్రానైట్' అనే పిలుస్తారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి దిగిన కాసిని నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఆ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. సున్నం పాళ్లు తక్కువగా, సోడా పాళ్లు ఎక్కువగా ఉన్న నీళ్లయితే ఇంకా తేలిగ్గా కరుగుతుంది. పూర్వం తవ్విన బావుల్లోనే ఈ బాధ ఉందని 1937 నాటి పరిశీలనే చెబుతోంది. తర్వాత కలరా భయంతో, చెరువు నీళ్లు తాగొద్దంటూ ఊరూరా చేతిపంపులు, డీప్ బోర్లు వేశారు. క్రిములు తగ్గాయి. బోరు లోతుకెళ్లినకొద్దీ ఫ్లోరైడ్ పైకొచ్చింది.

ఎంత ఉంటే ప్రమాదం? భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పరవాలేదు. వేరే గతి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో గ్రామున్నర. అంటే రెండు వేళ్లకు అంటే ఉప్పు. దీనికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు అందే రుచీ లేదు. మా వైపు నీళ్లను 'తియ్యటి నీళ్లు', 'ఉప్పు నీళ్లు' అని రెండుగా విడదీస్తారు. తియ్యగా ఉన్న బోరుకు పెళ్లిళ్లప్పుడు పక్క వీధులనుంచి కూడా బిందెలొస్తాయి. ఆ తియ్యటి బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో నాలుకకు తెలిసే దారి లేదు.

అందుకే ఆ ఊరికి వెళ్లేటప్పుడు నీళ్లు పరీక్షించే చిన్న కిట్టు ఒకటి వెంట తీసుకెళ్లాను. మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగుకొస్తాయి. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ గులాబీ వెలిసి పసుపులోకి దిగుతుంది. పెద్దమ్మ అరుగు మీద మూడు గాజు గొట్టాలు వరసగా పెట్టాను. బోరు నీళ్లు చూస్తుండగానే పసుపు తిరిగాయి. క్యాను నీళ్లు గులాబీగానే ఉన్నాయి. ఆవిడ తాగొద్దని చెంబు లాక్కున్న డ్రమ్ము నీళ్లు కూడా గులాబీగానే ఉన్నాయి. పక్కింటి పిల్లలు "మూడోది కూడా గెలిచింది" అని చప్పట్లు కొట్టారు.

గెలవడంలో వింతేమీ లేదు. అవి కృష్ణా నీళ్లు. నది నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా పరిమితి లోపలే ఉంటుంది. నాగార్జునసాగర్‌కు 1955లో నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ చివర్లో ఉన్న మా జిల్లాకు ఆ నీళ్లు చేరేసరికే నీరసించేవి, మెట్ట ఊళ్లకు అదీ లేదు. చాలా ఏళ్లు గడిచాక దర్శి చెరువు నుంచీ, రామతీర్థం జలాశయం నుంచీ పైపులు వేసి ఈ ఊళ్లకు తాగునీళ్లు తెచ్చారు. ఎన్నికలకు ముందొకటి, తర్వాతొకటిగా పథకాలు మారాయి గానీ నీళ్లు మాత్రం సాగర్ నీళ్లే.

మరి పెద్దమ్మ వాటినెందుకు తాగదు?

కొళాయి వచ్చే రోజు చూస్తే తెలుస్తుంది. పెద్దమ్మ వాళ్ల వీధికి ఎండాకాలంలో వారం దాటితే గానీ రావు. వచ్చే వేళ రాత్రి పదో, తెల్లవారి నాలుగో. "ఇడిచారంట" అన్న మాట వినగానే వీధంతా లేస్తుంది. మొదటి పది నిమిషాలు ఎర్రటి మడ్డి, కాసేపు మురుగు వాసన, తర్వాత తేటబడతాయి. ఈలోగా ప్రతి ఇంట్లో అరహెచ్‌పీ మోటారు కొళాయికే తగిలించి లాగుతుంటారు. మా పెద్దమ్మ ఇంట్లోనూ ఉంది, ఆ మోటారు బిగించింది నేనే. తప్పని తెలిసే బిగించాను.

ఇక్కడే అసలు కిటుకు. పైపులో నీళ్లు ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడితో నిండి ఉంటే, చిల్లులుంటే నీళ్లు బయటికి కారతాయే తప్ప మురుగు లోపలికి రాదు. వారం పాటు ఖాళీగా ఉన్న పైపు, మురుగు కాలువ పక్కనే, కొన్నిచోట్ల కాలువ లోపలే పడి ఉంటుంది. వాల్వు కట్టేసిన ప్రతిసారీ పైపు గుటక వేసినట్టు చుట్టూ ఉన్న మురుగును పీలుస్తుంది. మా మోటార్లు ఆ గుటకను ఇంకా పెంచుతాయి. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగ్గా కలిపినా, చివరి వీధికొచ్చేసరికి ఆ మురుగుతో పోరాడి అయిపోతుంది. చివరి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని లెక్క. చివరి కొళాయి దగ్గర ఎవరైనా చూస్తున్నారా అన్నది ఊరివాళ్లు అడగాల్సిన మాట.

క్రిముల పరీక్షకు ఇంకో చిన్న సీసా ఉంటుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లో కనిపెట్టింది. మందు పట్టించిన కాగితం ఉన్న సీసాలో నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, మలంలో ఉండే రకం క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. డ్రమ్ము నీళ్ల సీసా మర్నాటికే నల్లబడింది. అది ఊహించిందే. క్యాను నీళ్ల సీసా కూడా రెండో రోజు సాయంత్రానికి నల్లబడింది. ఒక్క ఇంటి లెక్క ఊరి లెక్క కాదు, అయినా పెద్దమ్మ ఆ సీసాను చాలాసేపు చేతిలో తిప్పి చూసింది.

క్యాను వేసే కుర్రాణ్ణి అడిగితే జేబులోంచి పెన్నులాంటిది తీసి నీళ్లలో ముంచి చూపించాడు. "టీడీఎస్ యాభై సార్, చూడండి." పాపం, అతను అబద్ధమాడలేదు. ఆ పెన్ను నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో ఉజ్జాయింపుగా చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ వాటా ఎంతో దానికి తెలియదు. క్రిముల సంగతి అసలే తెలియదు. ప్లాంటులో నీళ్లు బాగానే వడకట్టినా, ఏ ఇంట్లోనో వారం నిలవుండి ఖాళీ అయిన క్యానును ఒకసారి కడిగి మళ్లీ నింపితే ఏమవుతుందో సీసా చెప్పింది. సీలు వేసి అమ్మే బాటిళ్లకున్న తనిఖీ ఈ క్యాన్లకు లేదు. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల పేరుతో ప్రభుత్వం ఇరవై లీటర్లు రెండు రూపాయలకే ఇస్తామని మొదలుపెట్టినప్పుడు ఊళ్లు సంతోషించాయి. మెల్లగా ఆ జాగాలోకి వచ్చినవి ప్రైవేటు ప్లాంట్లు. ప్లాంటు వదిలేసే నీళ్లు, అంటే ఫ్లోరైడ్ అంతా పోగుపడ్డ నీళ్లు, పక్క కాలువలోకి పోతాయి. మళ్లీ భూమిలోకే.

ఇంట్లోనే ఫ్లోరైడ్ తీసే ఉపాయం లేకపోలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. నీళ్ల స్వభావాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది, అడుగున మడ్డి తియ్యాలి, రోజూ చెయ్యాలి. ఏ ఇల్లాలు చేస్తుంది?

పెద్దమ్మ మాటకొద్దాం. అన్నం ఉడుకుద్ది కదా. బోరు నీళ్లు ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోయి అదే మిగిలి ఇంకొంచెం చిక్కబడుతుంది. సాగర్ నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. అంటే కాచి చల్లారిస్తే ఆవిడ తాగొద్దన్న డ్రమ్ము నీళ్లూ నమ్మదగ్గవే. అదీ పూర్తిగా సాగర్ నీళ్లయితేనే. సాగర్ కాలువ కట్టేసిన నెలల్లో సంపులో బోరు నీళ్లు కలిపి వదలడం చిన్న టౌన్లలో మామూలే. ఏ రోజు ఎంత కలిపారో కొళాయి తిప్పేవాళ్లకు తెలిసే దారి లేదు. గులాబీ రంగు ఆ ఒక్క రోజు నీళ్లకే సాక్ష్యం.

వెలిగొండ ప్రాజెక్టు వస్తే అన్నీ తీరతాయని ఊళ్లో అందరూ అంటారు. 1996లో పునాదిరాయి పడింది. నల్లమల కింద 18.8 కిలోమీటర్ల సొరంగాలు రెండు తవ్వాల్సి వచ్చింది. అవి పూర్తయ్యేసరికే పాతికేళ్లు దాటింది. పొలాలకు నీళ్లు ఇవ్వడంతోపాటు 15 లక్షల మందికి తాగునీళ్లిస్తామన్నది లక్ష్యం. వస్తే మంచిదే. కానీ ఎంత మంచి నీళ్లొచ్చినా చివరికి వచ్చేది ఈ మురుగు కాలువలో పడుకున్న పైపులోంచే, వారానికోసారి వేసే ఆ గుటకతోనే. కొత్త సొరంగం కన్నా ముందు పాత పైపును మురుగులోంచి పైకెత్తాలంటాను నేను. దానికి శంకుస్థాపన ఉండదు కాబట్టి ఎవరూ అడగరు.

ఈ ఊళ్లలో ఉంటున్నవాళ్లకు ఒక మాట. ఈసారి నీళ్లు వదిలినప్పుడు మీ మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లి మూడే ప్రశ్నలు రాసివ్వండి. నిన్న వదిలిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత? మా వీధి చివరి కొళాయి దగ్గర క్లోరిన్ ఎంత మిగిలింది? బోరు నీళ్లు కలిపారా, లేదా? నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ముప్పై రోజుల్లో కాగితం మీద ఇవ్వాలి. ఆ కాగితం తెచ్చి వాటర్ ప్లాంటు గోడకు అతికించండి.