యానాం నుంచి చాందాకు 113 ఏళ్లు

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదురు ఒడ్డున ఉంది సిరొంచ. పేరుకు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లాలో ఒక తాలూకా. బజారులో వినబడేది తెలుగు, ఆఫీసు బోర్డుల మీద కనబడేది మరాఠీ, అడవిలోకి పోతే మాడియా గోండుల మాట. జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ప్రాణహిత దాటి చెన్నూరు మీదుగా పోతే మంచిర్యాల అందులో సగం దూరం కూడా ఉండదు. ఇలాంటి సీమలో కతోలిక సిస్టర్లు మిషన్లు ఎలా పెట్టారని అడిగితే మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. భక్తులు త్యాగం అంటారు, అనుమానించేవాళ్లు మతమార్పిడి పథకం అంటారు. ఇద్దరూ వచ్చినవాళ్ల మనసులోనే కారణం వెతుకుతున్నారు. తేదీలనూ పటాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మరొకటి కనిపిస్తోంది. దారి, పీఠాధిపతి, సంఘ నియమం, ఈ మూడూ ఒకచోట కుదిరినప్పుడే సిస్టర్ల మఠం వెలిసింది. సిరొంచ సీమలో అవి కుదరడానికి శతాబ్దం పైగా పట్టింది.

ఆన్సీకి చెందిన సెయింట్ జోసఫ్ సిస్టర్లు యానాంలో అడుగుపెట్టింది 1849లో. ఆన్సీ ఆల్ప్స్ కొండల దగ్గర సవోయ్‌లో ఉంది. అప్పటికి సూయజ్ కాలువ లేదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు యానాంలో దిగడంలో వింతేమీ లేదు. అది ఫ్రెంచివాళ్ల రేవు, వచ్చినవాళ్ల భాష ఫ్రెంచి. అదే ఆన్సీ నుంచి వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846 నుంచే విశాఖపట్నంలో ఉన్నారు. 1850లో విశాఖ వికారియేటు (మేత్రాసనానికి ముందు దశ) ఏర్పడినప్పుడు దాని పరిధి మన్యం దాటి, ఒరిస్సా మీదుగా, నాగపూర్ రాజ్యం దాకా పరుచుకుంది. అంటే చాందా (ఇప్పటి చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల సీమ) అడవులు కూడా పటం మీద విశాఖలో కూర్చున్న బిషప్ నేయ్రే చేతికిందకే వచ్చాయి. కానీ ఆయన మనుషులు వెళ్లింది చాందాకు కాదు, నాగపూర్ పక్కనున్న కామ్ఠీకి. అది కంపెనీ సైన్యం దండు. అక్కడ ఐరిష్ సిపాయిలు ఉంటారు, వాళ్ల పిల్లలకు బడి కావాలి, గుర్రపు బండి పోయే బాట ఉంది. సెయింట్ జోసఫ్ కుటుంబపు సిస్టర్లు ఆ వైపు నిలదొక్కుకున్నది ఈ దండు ఊళ్లలోనే. 1887లో నాగపూర్ విడిగా మేత్రాసనమయ్యాక కూడా చాందా దక్షిణ కొస ఎవరి నడకకూ అందలేదు.

సిరొంచకు ఒక దారి వేయాలని చూసినవాళ్లు లేకపోలేదు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదిలేశాక సిరొంచ ఏకంగా అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. ఆర్థర్ కాటన్ ఊహ ప్రకారం సముద్రం నుంచి పడవలు గోదావరి, ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా బేరారు పత్తి పొలాల దాకా ఎక్కాలి. దుమ్ముగూడెం దగ్గర మొదటి రాతిమెట్టును దాటించే పనులు జరిగాయి. ఆ పనుల ఇంజనీరు హేగ్ పూనికతోనే 1860ల మొదట్లో దుమ్ముగూడెంలో ప్రొటెస్టెంటు సంఘమైన సీఎంఎస్‌వారి కోయ మిషన్ మొదలైంది. పడవ దారి ఎంతవరకు వచ్చిందో ప్రొటెస్టెంటు మిషన్ కూడా అంతవరకే వచ్చిందని గమనించాలి. 1870ల ఆరంభంలో సర్కారు ఆ పథకాన్ని వదిలేసింది, 1874లో జిల్లానే రద్దు చేసింది. భద్రాచలం మద్రాసు వైపు పోయింది, సిరొంచ చాందాకు తోకలా మిగిలింది. ఆ పడవలు నడిచి ఉంటే సిస్టర్లు విశాఖ నుంచి నది వెంటే వచ్చేవాళ్లేమో. చరిత్రలో ఇలాంటి ఊహలకు విలువ తక్కువేగానీ, నాకైతే ఇది మరీ గాలి ఊహ అనిపించదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దారి లేకపోవడమే కారణమైతే, 1890ల్లో అమెరికన్ మెథడిస్టులు సిరొంచకు ఎలా వచ్చారు? సి.బి.వార్డ్ హైదరాబాద్ రాజ్యం వైపు నుంచి వచ్చి ఇక్కడా, బస్తరులోని జగదల్‌పూర్‌లోనూ పని మొదలుపెట్టాడు. ఆ సంఘపు మహిళా మిషనరీలు కూడా సిరొంచలో పనిచేశారు. రైలు లేదు, బాట లేదు, అయినా వచ్చారు. నిజమే. అందుకే దారి ఒక్కటే చాలదన్నాను. మెథడిస్టు మిషనరీ భార్యాబిడ్డలతో రావచ్చు, ప్రార్థన తానే నడుపుకోవచ్చు, ఒంటరిగానైనా ఏళ్ల తరబడి ఉండవచ్చు. సిస్టరుకు ఆ వీలు లేదు. కతోలిక చట్టం ప్రకారం ఆ ప్రాంతపు పీఠాధిపతి రాతపూర్వకంగా సమ్మతిస్తేనే మఠం తెరవాలి. మఠం అంటే ఒక గది కాదు, కలిసి జీవించే సమూహం. ప్రతి మఠంలో గుడి ఉండాలి, దివ్యసత్ప్రసాదం ఉండాలి, బలిపూజకు గురువు అందుబాటులో ఉండాలి. గురువు చేరలేని ఊళ్లో, ఎంత ధైర్యవంతురాలైనా, సిస్టరు ముందుగా పోయి పాగా వేయలేదు. ఆమె విధేయత వ్రతం తీసుకున్న మనిషి. ఎక్కడికి వెళ్లాలో సంఘం తేలుస్తుంది, సంఘం పీఠాధిపతి పిలుపు కోసం చూస్తుంది, పీఠాధిపతి తన గురువులు చేరగల దూరాన్ని చూసుకుంటాడు.

ఆ నియమమే మరో రకంగానూ సిస్టర్ల చేతులు కట్టేసింది. అడవి పల్లెలో ఆడవాళ్లకు అన్నిటికన్నా ముందు కావలసింది కాన్పు చూసే మనిషి. వ్రతం పుచ్చుకున్న కన్యాస్త్రీలు వైద్యం, అందులోనూ పురుడు పోయడం, చేయరాదన్నది చాలాకాలం రోము వైఖరి. 1936లో గానీ ఆ ఆంక్ష తొలగలేదు. దాన్ని ముందే దాటిన మనిషి మన గుంటూరులోనే ఉండేది. హాలెండు నుంచి 1904లో వచ్చిన జేఎంజే (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్ల సభలో, ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లౌరీ 1920లో చేరింది. పోపుగారి ప్రత్యేక అనుమతితో కన్యాస్త్రీగా ఉంటూనే వైద్యం చేసింది, ఊరి ఆడవాళ్లకు నర్సు పనీ మంత్రసాని పనీ నేర్పింది, 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసింది. ఒకే ఒక్క డాక్టరమ్మకు రోము దాకా పోయి అనుమతి తేవలసి వచ్చిందంటే, మిగతా మఠాలకు అప్పట్లో బడి తప్ప వేరే తలుపు దాదాపు లేదన్నమాట. బడికి పట్టణం కావాలి. డిస్పెన్సరీ అయితే అడవి పల్లెలోనూ నిలుస్తుంది. సిస్టరు నర్సయ్యాకే ఆమె పట్టణం వదిలి లోపలికి రాగలిగింది. త్యాగం గురించిన వ్యాసాల్లో ఈ సంగతి రాకపోవడం నాకు కొంచెం ఆశ్చర్యమే.

నియమం అలా సడలాక పీఠాధిపతి వంతు వచ్చింది. 1962 మార్చి 31న చాందా ప్రాంతాన్ని నాగపూర్ నుంచి విడదీసి కేరళలోని తూర్పు ఆచారపు కతోలిక సభ అయిన సీరో మలబార్ సభకు అప్పగించారు. అంతవరకు ఆ సభకు కేరళ సరిహద్దులు దాటి సొంత మిషన్ ప్రాంతం లేదు. మిషన్‌కు పోవాలనుకునే మలయాళీ గురువైనా సిస్టరైనా లాటిన్ ఆచారంలోకి మారి పోవలసిందే. ఆ గేటు చాందా దగ్గర మొదటిసారి తెరుచుకుంది. సీఎంఐ సంఘపు గురువు జనూరియస్ పాలతురుతికి బాధ్యత అప్పజెప్పారు, 1977లో ఆయనే మొదటి బిషప్ అయ్యారు. ఆయన వెనుక కేరళ సిస్టర్ల సంఘాలు వచ్చాయి, వాటిలో 1866లో కూనమ్మావులో పుట్టిన కర్మెలమాత సభ ఒకటి. పీఠం ఎక్కడ పెట్టారో చూడండి: బల్లార్షాలో. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు పట్టాలు 1920ల చివర కలిశాయి; మద్రాసు నుంచి ఢిల్లీ పోయే బండి అక్కడ ఆగుతుంది. కేరళ నుంచి వచ్చే మనిషి రైలు దిగేది అక్కడే. 1849లో యానాం రేవు ఎలాంటిదో, 1962లో బల్లార్షా ప్లాట్‌ఫారం అలాంటిది.

కేరళవాళ్లే ఎందుకు అన్నదానికి సభలోపలి కారణంతో పాటు దేశ రాజకీయం కూడా ఒక కారణమని నా అంచనా. చాందా జిల్లా 1956 దాకా మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఆ ప్రభుత్వమే 1954లో నాగపూర్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి భవానీశంకర్ నియోగి అధ్యక్షతన మిషనరీల పనిపై విచారణ వేసింది. మతం మార్చడమే ముఖ్యోద్దేశమైన విదేశీ మిషనరీలను వెళ్లిపొమ్మనాలనీ, వైద్యాన్ని మార్పిడికి వాడుకోకుండా చట్టం తేవాలనీ 1956లో ఆ కమిటీ సిఫారసు చేసింది. తెల్లవాళ్ల రాక కష్టమవుతున్న ఆ రోజుల్లో వీసా అక్కర్లేని మలయాళీ సిస్టరు సహజంగానే ముందుకొచ్చింది. మరి కమిటీ అనుమానం మాటేమిటి? మార్పిడి ఆశ సిస్టర్లకు లేదని చెప్పడం అబద్ధమవుతుంది, మిషన్ అన్న మాటలోనే సువార్త ఉంది. రోగి మంచం పక్కన ఆ ఆశ ఒత్తిడిగా మారే ప్రమాదమూ ఉంది, ఆ విషయంలో కమిటీ ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ ఫలితం చూస్తే, 2011 జనగణన నాటికి పదిలక్షల డెబ్బై వేల జనాభా ఉన్న గడ్చిరోలి జిల్లాలో క్రైస్తవులు నూటికి ఒకరు కూడా లేరు. మతం మార్చే యంత్రమే అయితే దాదాపు యాభై ఏళ్లలో అది బొత్తిగా పనిచేయనట్టు. బడీ మందూ మాత్రం వాడుకున్నారు జనం, మతాన్ని వాళ్లే తేల్చుకున్నారు.

మతం ఊసే లేకుండా ఈ పని జరగలేదా అని కూడా అడగొచ్చు. జరిగింది, గొప్పగా జరిగింది. 1973లో బాబా ఆమ్టే భామ్రాగఢ్ అడవుల్లో హేమల్‌కసా దగ్గర మొదలుపెట్టిన లోక్ బిరాదరీ ప్రకల్ప్‌ను ప్రకాశ్, మందాకినీ ఆమ్టేలు నిలబెట్టారు. అభయ్, రాణీ బంగ్‌ల సెర్చ్ సంస్థ గడ్చిరోలి పల్లెటూరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసికందుల మరణాలను సగానికిపైగా తగ్గించి ప్రపంచానికి చూపింది. సిస్టర్ల మఠాలు ఆ స్థాయి శాస్త్రీయ పరిశోధన ఏదీ ఇక్కడ చేయలేదు. కానీ ఈ రెండు సంస్థలకూ వెన్నెముక ఒక్కో అసాధారణ కుటుంబం. హేమల్‌కసాలో పిల్లలు పగ్గాలు అందుకోవడం అదృష్టం. మఠానికి అలాంటి అదృష్టంతో పనిలేదు. ఒక సిస్టరు బదిలీ అయితే మరొకరు వస్తారు, డిస్పెన్సరీ తాళం చేతులు మారుతుంది. దాని బలమూ బలహీనతా రెండూ ఇదే. మాడియా మాట్లాడటం వచ్చేసరికి మదర్ జనరల్ ఉత్తరం వస్తుంది, కొత్తగా వచ్చిన సిస్టరు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

భాష విషయంలో సభ కూడా సర్కారు గీతనే అనుసరించింది. 1999లో చాందా నుంచి తెలుగు వైపును విడదీసి ఆదిలాబాద్ ఎపార్కీ (విడి మేత్రాసనం) చేశారు, గీత రాష్ట్ర సరిహద్దు మీదే పడింది. ఇంట్లో తెలుగు మాట్లాడే సిరొంచ మరాఠీ వైపునే ఉండిపోయింది. పరిపాలనకు అది సులువే గానీ, సిరొంచ అవ్వకు మందు ఎలా వేసుకోవాలో చెప్పే సిస్టరుకు మరాఠీకన్నా తెలుగే ఎక్కువ అక్కర. ఆ తర్వాత గత పదేళ్లలో గోదావరి మీదా ప్రాణహిత మీదా వంతెనలు లేచాయి. ఇప్పుడు సిరొంచ రోగి కరీంనగర్‌కో వరంగల్‌కో పోతున్నాడు. మఠం డిస్పెన్సరీ లాంటి వాటి అవసరం ఆ మేరకు తగ్గుతుంది. భామ్రాగఢ్‌కు మాత్రం ఇంకా వానాకాలంలో పర్లకోట నది పొంగితే రాకపోకలు ఆగిపోతున్నాయి, ఎటపల్లి లోపలి పల్లెలదీ అదే తీరు. కేరళ ఇళ్లలో పిల్లల సంఖ్య తగ్గి సంఘాల్లో చేరే అమ్మాయిలూ తగ్గుతున్న ఈ రోజుల్లో, ఆ పల్లెలకు పోవలసిన సిస్టర్లు మాడియా, కోయ, తెలుగు ఇళ్ల నుంచే రావాలి. వాళ్లకు భాష కోసం ఏళ్లు వెచ్చించే పని ఉండదు. పీఠాధిపతి సమ్మతి, గుడి, గురువు కావాలన్న నియమం మాత్రం వాళ్లకూ వర్తిస్తుంది.