జిన్‌ఫాండెల్ పుట్టిల్లు ఎక్కడ?

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఊరి నుంచి చుట్టాలొస్తే నాపాకి తీసుకెళ్తారు, ఓపికుంటే లోడై దాకా వెళ్తారు. లోడైలో ఎక్కువగా వినపడే పేరు జిన్‌ఫాండెల్. ‘ఇది మా కాలిఫోర్నియా ద్రాక్ష’ అని చాన్నాళ్లు గర్వంగా చెప్పుకున్నారు. నిజానికి అదీ మనలాగే వలస వచ్చిందే.

ఆ సంగతి బయటపడిన తీరు నాకు డిటెక్టివ్ కథలా అనిపిస్తుంది. ద్రాక్ష తెగుళ్ల మీద డేవిస్‌లో పనిచేసే ఆస్టిన్ గోహీన్ 1967లో దక్షిణ ఇటలీలోని పూలియాకు వెళ్లారు. అక్కడ ప్రిమిటివో అనే ఎర్ర వైన్ రుచి చూస్తే అచ్చం జిన్‌ఫాండెల్‌లా ఉంది. ఆ అనుమానం పూర్తిగా తీరడానికి పాతికేళ్లు దాటింది. 1990లలో డేవిస్‌లోనే క్యారల్ మెరెడిత్ డీఎన్ఏ పరీక్షలు చేసి రెండూ ఒకటేనని తేల్చారు.

పోనీ, ఇటలీయేనా పుట్టిల్లు? అదీ కాదు. మెరెడిత్, జాగ్రెబ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కలిసి గాలిస్తే 2001లో క్రొయేషియా తీరాన, కాష్టెల్ నోవీలోని పాత తోటలో అదే తీగ దొరికింది. అక్కడి పేరు నోరు తిరగనిది: ట్సర్ల్యెనక్ కాష్టెలాన్స్కీ.

ప్రిమిటివో అంటే ఆదిమ అని కాదు, ‘ముందుగా పండేది’ అని. 18వ శతాబ్దం చివర్లో జోయా దెల్ కొల్లే ఊళ్లో ఒక మతగురువు ఆ గుణం గమనించి పెట్టిన పేరది.

తోటలో మాత్రం పెంకి ఘటం. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు కిస్‌మిస్‌లా ఎండిపోతుంటే కొన్ని ఇంకా పచ్చిగానే ఉంటాయి. అన్నీ పండేదాకా ఆగితే తీపి పెరిగి, వైన్‌లో ఆల్కహాల్ 14, 15 శాతానికి చేరుతుంది. రుచి చూస్తే నాకు బాగా మాగిన నేరేడు పండు, వెనకే కాస్త మిరియాల ఘాటు గుర్తొస్తాయి. లేత గులాబీ రంగు వైట్ జిన్‌ఫాండెల్ కూడా ఈ నల్ల ద్రాక్షదే, తొక్కు త్వరగా తీసేస్తారంతే.

గోంగూర మటన్‌తో బాగుంటుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆల్కహాల్ ఎక్కువైతే కారం ఇంకా మండుతుంది. కారం తగ్గించిన కబాబ్‌లైతే సరే. డ్రైవింగ్ చేసేవాళ్లు మాత్రం లెక్క చూసుకోవాలి. అమెరికాలో ‘ఒక డ్రింక్’ అంటే 12 శాతం వైన్ ఐదు ఔన్సులు. 15 శాతం జిన్‌ఫాండెల్ అంతే పోస్తే అది ఒకటింబావు.