కొండభూమికి కట్టుబాటు

అనకాపల్లి బెల్లపు దిమ్మకును, పడమట నీలముగా కనిపించు కొండలకును గల సంబంధమును మనము సాధారణముగా తలచుకొనము. కాని చెరకునకు నీరు కావలెను. శారదానది తూర్పు కనుమలలో పుట్టి, అనకాపల్లి మీదుగా పారి, సముద్రమున కలియుచున్నది. దేవరాపల్లి యొద్ద రైవాడ జలాశయము ఆ నదీజలమునే నిలిపి పొలములకును, విశాఖపట్టణమునకును అందించుచున్నది. కొండపై అడవి తరిగినచో క్రింద ఏరు చిక్కును. కావున కొండభూమి ఏ విధముగా రక్షింపబడుచున్నదో తెలిసికొనుట మైదానవాసులమైన మనకును అవసరమే.

ఇతర దేశములలో ఇందుకొక పద్ధతి కలదు. 1891లో అమెరికాలోని మసాచుసెట్స్‌నందును, 1895లో ఇంగ్లండునందును భూమిని ప్రజల కొరకు ధర్మకర్తలవలె కాపాడు సంస్థలు వెలసెను. ఇట్టి సంస్థలు కొండనేలను కొనును, లేదా దానముగా స్వీకరించును. నేడు అమెరికాలో మరియొక మార్గమును వాడుకలో నున్నది. భూమి యజమాని యొద్దనే యుండును. దానిపై ఇండ్లు, కర్మాగారములు కట్టు హక్కును మాత్రము అతడు వదలుకొని పత్రము వ్రాసి యిచ్చును. తరువాత భూమి ఎవరి చేతికి పోయినను ఆ షరతు దానిని విడువదు. అనుభవించు హక్కు వేరు, మార్చివేయు హక్కు వేరు అనునదే దీని సూత్రము.

మన మన్యమున ఇంచుమించు ఇట్టి పనినే శాసనము చేయుచున్నది. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల బదిలీని నియంత్రించుచు చట్టము చేసెను. దాని స్థానమున 1959లో ఆంధ్రప్రదేశ్ భూబదిలీ నిబంధన వచ్చెను. 1970లో అది మరింత బిగింపబడెను. దీని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనుడు తన భూమిని దున్నుకొనవచ్చును, బిడ్డల కీయవచ్చును. అమ్మదలచినచో మరియొక గిరిజనునకో, గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘమునకో అమ్మవలెను. ఇతరులకు చేసిన విక్రయము చెల్లదు. గిరిజనులలో కొనువారు లేనిచో ప్రభుత్వ ఏజెంటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. పరిహారమిచ్చి ప్రభుత్వము ఆ భూమిని తీసికొనవచ్చును.

ఇందులో మిక్కిలి బలమైన అంశము మరియొకటి కలదు. అచ్చట గిరిజనేతరుని స్వాధీనమున నున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేయని చట్టము భావించును. కాదని రుజువు చేయు భారము పట్టుకొనినవానిదే. చదువురాని రైతు కాగితములకై తిరుగ నక్కరలేకుండుటకే ఈ ఏర్పాటు. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లునని తీర్పు చెప్పెను.

మరి వ్యక్తులకు నిషిద్ధమైనది ప్రభుత్వమునకు చెల్లునా? ఈ ప్రశ్న అనంతగిరి మండలమున పుట్టెను. నాడు విశాఖపట్టణము జిల్లాలో నుండిన ఆ మండలమున ప్రైవేటు వారికిచ్చిన గనుల కౌళ్ళను సమత అను స్వచ్ఛంద సంస్థ ప్రశ్నించెను. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టునకు పోయెను. 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తులలో ఇరువురు సమత పక్షమున తీర్పునిచ్చిరి. ప్రభుత్వమును ఆ నిబంధన దృష్టిలో ఒక వ్యక్తియే. కావున ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు కౌలు కీయరాదు. ప్రభుత్వ సంస్థకుగాని, గిరిజనుల సహకార సంఘమునకుగాని ఈయవచ్చును.

ఆ చివరి వాక్యమున ఒక వాకిలి మిగిలినది. 2015లో చింతపల్లి ప్రాంతపు బాక్సైటు కొరకు ప్రభుత్వ ఖనిజ సంస్థ పేరనే అటవీభూమి కేటాయింపబడెను. గిరిజనులు గట్టిగా ఎదిరించిరి. 2019లో ఆ ఉత్తర్వు రద్దయ్యెను. చట్టము ఎంత గట్టిదైనను ఊరి నోరు మూగవోరాదని దీనివలన తెలియుచున్నది.

ఈ కట్టుబాటునకు వెలయు కలదు. కొనువారు కొద్దిమందియే కనుక భూమికి ధర తక్కువ పలుకును. అక్కరలో అప్పు పుట్టుట కష్టము. బినామీ పేర్లతో చట్టమును దాటువారును కలరు.

అంతకన్న చిక్కైనది సరిహద్దు. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో దేవరాపల్లి, రావికమతము, రోలుగుంట, గొలుగొండ మండలముల కొండవాలులందలి గిరిజన గ్రామములలో పెక్కు షెడ్యూలునకు వెలుపల నున్నవి. అచ్చట ఈ నిబంధన వర్తింపదు. ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూములను అమ్మరాదని 1977 నాటి చట్టమున్నను, 2023 సవరణ వలన ఇరువది యేండ్లు గడచిన మూల లబ్ధిదారులకు అమ్ముకొను హక్కు లభించెను. వారికది స్వేచ్ఛయే, దళారికి తలుపును అదియే. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టా మాత్రము షెడ్యూలుతో నిమిత్తము లేక నిలుచును. అది వారసులకు సంక్రమించును, విక్రయమునకు లొంగదు. కావున ఈ గ్రామములవారు గ్రామసభ ద్వారా ఆ పట్టాలకై దరఖాస్తు చేసికొనుట మేలు.

మైదానమున నున్న మనకును ఒక కర్తవ్యము కలదు. కొండవాలున నేల చౌకగా వచ్చుచున్నదని ఎవరైన చెప్పినప్పుడు, అది షెడ్యూల్డు భూమియా, అసైన్డు భూమియా, అటవీహక్కు పట్టాయా అని మొదట రెవిన్యూ కార్యాలయమున విచారింపవలెను. కొనరాని భూమిని కొనకుండుటయు రక్షణలో ఒక భాగమే.