యూరియాకు గంధకపు పూత

యూరియా గుళికలో 46 శాతం నత్రజని ఉంటుంది. రైతుకు దొరికే ఘన ఎరువుల్లో ఇంత గాఢమైన నత్రజని ఎరువు మరొకటి లేదు. దాని లోపమల్లా తొందరే. తడి తగలగానే కరిగిపోతుంది. నేలలోని యూరియేజ్ అనే ఎంజైము కొద్ది రోజుల్లోనే దాన్ని అమ్మోనియాగా విడగొడుతుంది. అందులో కొంత గాలిలో కలిసిపోతుంది. మిగిలినదాన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ నీటితోపాటు వేళ్లకు అందని లోతుకు ఇంకిపోతుంది, లేదా గాలి ఆడని బురదలో వాయువుగా మారి ఎగిరిపోతుంది. పైరుకు నత్రజని నెలల తరబడి కావాలి, యూరియా మాత్రం రోజుల్లోనే ఖర్చయిపోతుంది. వరికి దమ్ములో కొంత, పిలకల దశలో కొంత, అంకురం దశలో కొంత చొప్పున మూడు దఫాలుగా యూరియా వేసేది అందుకే. ఈ దఫాల పనిని గుళిక చేతే చేయించాలన్న ప్రయత్నంలో పుట్టినదే గంధకపు పూత యూరియా.

అది పుట్టినచోటు అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న మజిల్ షోల్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాలకు కావలసిన నైట్రేట్ల కోసం ప్రభుత్వం అక్కడ కర్మాగారాలు కట్టింది. అవి పని అందుకునేసరికి 1918లో యుద్ధమే ముగిసింది. 1933లో ఏర్పడిన టెనెసీ వ్యాలీ అథారిటీ ఆ చోటును ఎరువుల పరిశోధనకు మళ్లించింది. 1960ల ఆరంభంలో అక్కడి ఇంజనీర్లు యూరియాకు పూత వేయడం మీద దృష్టి పెట్టారు. నెమ్మదిగా కరిగే ఎరువులు అప్పటికే లేకపోలేదు. యూరియాను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి చేసిన ఎరువు 1950లలోనే అంగళ్లకు వచ్చింది. కానీ దాని ధర పచ్చిక మైదానాలకు, పూలతోటలకు తప్ప పొలాలకు గిట్టేది కాదు. గంధకం చవక, నీటిని చొరనివ్వదు, కొద్ది వేడికే కరుగుతుంది. పైగా నేలలో చివరికి సల్ఫేట్‌గా మారి పైరుకు తానూ ఆహారమవుతుంది.

చెప్పినంత తేలిక కాదు ఆ పూత వేయడం. గంధకం సుమారు 119 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 159 డిగ్రీలు దాటితే ఒక్కసారిగా చిక్కబడి జిగురులా సాగుతుంది. కాబట్టి దాన్ని 150 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంచి సన్నటి తుంపరగా చిమ్మాలి. యూరియా కరిగేదేమో 133 డిగ్రీల దగ్గర. అంటే చిమ్మేటప్పుడు తనకున్న వేడికంటే తక్కువ వేడికే కరిగిపోయే గింజ మీద గంధకం పడాలి, గింజ కరిగేలోపే గడ్డకట్టాలి. గింజ మరీ చల్లగా ఉంటే తుంపర పరుచుకోకుండా పూసలుగా బిగుసుకుంటుంది. అందువల్ల గింజలను ముందుగా సుమారు 70 డిగ్రీలకు వేడి చేసి, తిరిగే పెద్ద పీపాలో దొర్లిస్తూ గంధకం చల్లుతారు. ఆపైన సన్నటి రంధ్రాలను మూయడానికి మైనం, గింజలు అతుక్కోకుండా బంకమట్టి వంటి పొడి చల్లి, చివరికి చల్లారుస్తారు. గింజ ఎంత చిన్నదైతే బరువుకు తగ్గ ఉపరితలం అంత పెరిగి, గంధకం అంత ఎక్కువ పడుతుంది. నున్నగా, గుండ్రంగా, కాస్త పెద్దగా ఉన్న గుళికలే ఈ పనికి అనువు.

నేలలో పడ్డాక సూక్ష్మజీవులు మైనాన్ని తినేస్తాయి, రంధ్రాలు తెరుచుకుంటాయి, నీరు లోపలికి చేరి కరిగిన యూరియాను బయటికి తెస్తుంది. మైనం త్వరగా పోకుండా తొలినాళ్లలో అందులో తారు కలిపి చూశారు కూడా. అసలు చిక్కు ఇంకొకటుంది. గంధకం చల్లారాక పెళుసు. కొన్ని గుళికల పూత ముందే పగిలి ఎరువు ఒక్కసారిగా వదిలిపోతుంది. పూత మరీ మందమైనవి పంట కాలం గడిచినా విప్పుకోవు. ప్రతి గుళికా ఒకే వేగంతో పనిచేయదు కాబట్టి, నాణ్యతను మొత్తం మీదే కొలుస్తారు. గుళికలను 38 డిగ్రీల నీటిలో ఏడు రోజులుంచి ఎంత శాతం కరిగిందో చూస్తారు. ఈ లోపాన్ని తగ్గించడానికే తర్వాతి కాలంలో గంధకం మీద పలుచని ప్లాస్టిక్ పొర వేసిన రకాలు వచ్చాయి. వాటితో ధర పెరిగింది, ఖాళీ పెంకులు నేలలో మిగిలిపోవడం కొత్త సమస్య అయింది.

భారతదేశం మొదట వేరే దారి పట్టింది. దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేప నూనె పట్టించడాన్ని 2015లో తప్పనిసరి చేశారు. వేప నూనె గుళిక కరగడాన్ని పెద్దగా ఆపదు, అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను నెమ్మదింపజేస్తుంది. గంధకపు పూత రకం 'యూరియా గోల్డ్' పేరుతో 2023 జూలై 27న రాజస్థాన్‌లోని సీకర్‌లో విడుదలైంది. అందులో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉంటాయి. 40 కిలోల బస్తా ధరను 45 కిలోల వేప పూత బస్తాతో సమానంగా రూ. 266.50గా నిర్ణయించారు. వేప పూత బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటే ఇందులో 14.8 కిలోలే, దానికి తోడు 6.8 కిలోల గంధకం. గంధకం కొరవడిన నేలల్లో, ముఖ్యంగా వేరుశనగ వంటి నూనెగింజలకు, ఈ బేరం రైతుకు మేలు. గంధకం చాలినంతగా ఉన్న పొలంలో నత్రజని ఎంత ఆదా అయితే అంతే లాభం. అందుకే కొనేముందు భూసార పరీక్ష చేయించడం మంచిది. వాడేటప్పుడు గుళికలను నలపకూడదు, పిచికారీ కోసం నీళ్లలో కలపకూడదు. పూత పగిలిన గుళిక మామూలు యూరియాలాగే కరిగిపోతుంది.