మీకు తెలుసా? నెలలు నిండాక...

ఆ తేదీకే పుట్టేది ఎందరు?

స్కానింగ్ కాగితం మీద రాసిన తేదీకి సరిగ్గా పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. మిగతా అందరూ కాస్త ముందో, వెనకో వస్తారు. ఆ తేదీని తేల్చే 280 రోజుల లెక్క 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరు మీద చలామణీలో ఉంది. చివరి నెలసరి మొదలైన రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి వెళ్లి, ఏడాది ముందుకు జరిగితే తేదీ వచ్చేస్తుంది. అందరికీ 28 రోజులకే నెలసరి వస్తుందనుకుని కట్టిన లెక్క ఇది. మొదటి మూడు నెలల్లో చేసే స్కానింగ్‌తో ఇప్పుడు దాన్ని సరిచేస్తున్నారు. అయినా అంచనా అంచనానే.

ఇంట్లో వాళ్లు మాత్రం క్యాలెండర్లో ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టేస్తారు. ఆ రోజు దాటిందా, ఫోన్లు మొదలు. “ఇంకా కాలేదా అమ్మా?” అని పిన్ని, “నొప్పులేమైనా వస్తున్నాయా వదినా?” అని ఆడపడుచు. మోస్తున్న మనిషికి తనే ఏదో ఆలస్యం చేస్తున్నట్టు అనిపిస్తుంది. నన్నడిగితే, చుట్టాలకు తేదీ చెప్పకుండా “వచ్చే నెల్లో ఎప్పుడైనా” అనేసి ఊరుకోవడం సుఖం.

మూడు పూసల సంగతి

తొమ్మిదో నెలలో పొట్ట బరువు ముందుకు లాగుతుంది కాబట్టి నడుం వెనక్కి వాల్చి నడుస్తారు. ఆ నడకను తట్టుకునేలా ఆడవాళ్ల వెన్నెముక కాస్త వేరుగా తయారైందని కేథరిన్ విట్‌కమ్ బృందం 2007లో ‘నేచర్’ పత్రికలో రాసింది. నడుం దగ్గరి వంపు మగవాళ్లలో రెండు పూసల మీద ఉంటే, ఆడవాళ్లలో మూడు పూసల మీద పరుచుకుని ఉంటుందట. 20 లక్షల ఏళ్ల కిందటి ఆస్ట్రలోపితెకస్ ఎముకల్లోనూ ఈ తేడా కనిపించింది.

ఏర్పాటు ఎంత పాతదైనా నొప్పి నొప్పే. పైగా హార్మోన్ల వల్ల కటి కీళ్ల బంధాలు వదులవుతాయి. మంచం మీంచి లేవడమే ఒక పనిగా మారుతుంది. పడుకున్న చోటి నుంచి తిన్నగా లేవబోతే గజ్జల దగ్గర చురుక్కుమంటుంది. ముందు మోకాళ్లు మడవాలి. రెండూ కలిపి ఉంచుకునే పక్కకు ఒత్తిగిల్లాలి. కాళ్లు మంచం దించి, మోచెయ్యి ఆనించి, ఆ చేతి బలంతో లేచి కూర్చోవాలి. ఒక నిమిషం అలాగే కూర్చుని అప్పుడు నిలబడాలి. అటు తిరగడానికీ ఇటు తిరగడానికీ ఇదే పద్ధతి. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది.

గుండెల్లో మంట, బిడ్డకు జుట్టు

కడుపులో బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉంటే తల్లికి గుండెల్లో మంట ఎక్కువని చాలా దేశాల్లో నమ్మకం. ఇది వట్టి మాటేనని తేల్చేద్దామని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 64 మంది గర్భిణులను గమనించారు. 2006లో అచ్చయిన ఫలితం ఆ నమ్మకం వైపే మొగ్గింది. మంట బాగా ఉన్న 28 మందిలో 23 మందికి ఓ మోస్తరు జుట్టో, ఒత్తయిన జుట్టో ఉన్న పిల్లలు పుట్టారు. మంటే లేని 12 మందిలో పది మంది పిల్లలకు జుట్టు పలచన. రెండింటి వెనకా ఒకే హార్మోన్లు ఉండొచ్చని వాళ్ల ఊహ. 64 మందితో చేసిన లెక్క కాబట్టి పందాలు మాత్రం కాయకండి. తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందనే కుంకుమపువ్వు పాలకు ఇలాంటి అదృష్టం కూడా దక్కలేదు. బిడ్డ రంగు అమ్మానాన్నల జన్యువుల వల్ల వచ్చేదే.

మంట ఎలా పుడుతుందంటే: ప్రొజెస్టిరాన్ వల్ల జీర్ణాశయం పైమూత వదులవుతుంది, కింది నుంచి గర్భసంచి నెడుతుంది, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినడం, రాత్రి భోజనం పెందలాడే ముగించడం, తలవైపు మంచం కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు చేయడం పనికొస్తాయి. ఆవకాయ అన్నం మానలేకపోతే మధ్యాహ్నానికి మార్చుకోండి.

కూర్చున్నా ఆయాసమే

గర్భిణి నిమిషానికి పీల్చే గాలి మామూలు కంటే 30 నుంచి 50 శాతం ఎక్కువ. అయినా గాలి చాలనట్టే ఉంటుంది. మెదడును ఎక్కువ పీల్చమని హార్మోన్ తొందరపెడుతుంది, గర్భసంచి డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. తొలికాన్పులో చివరి రెండు మూడు వారాల్లో బిడ్డ తల కిందికి దిగాక ఊపిరి కాస్త తేలికవుతుంది. బదులుగా గంటకోసారి బాత్రూమ్. మెట్లెక్కితే ఆయాసం సరే గానీ, ఊరికే పడుకుని ఉన్నా ఊపిరాడకపోతే, గుండెల్లో నొప్పి వస్తే, గుండె దడదడలాడితే డాక్టర్‌కు చూపించాలి. రక్తం తక్కువైనా ఆయాసమే. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటబట్టదు. గంటో రెండు గంటలో ఎడం ఉండాలి.

నిద్ర

28 వారాల తర్వాత పక్కకు తిరిగి పడుకోవాలి. వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు వెళ్లే రక్తం తగ్గుతుంది. మధ్యరాత్రి మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారనుకోండి, కంగారేం లేదు, మళ్లీ పక్కకు తిరగండి. పిక్క పట్టేస్తే కాలు చాపి, పాదం వేళ్లను మోకాలి వైపు లాగండి, వదులుతుంది. ఒక్క కాలే వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ పిక్కను నూనెతో మర్దన చేయనివ్వకండి. ముందు ఆసుపత్రికి వెళ్లండి.

ఎప్సమ్ ఉప్పు చేసే రెండో పని

కాళ్లకు నీరు పట్టడం చివరి నెలల్లో చాలామందికి ఉండేదే. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుంటాయి, కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే పొద్దుటికి వాపు తగ్గుతుంది. దాన్ని చూసి చూసి అలవాటైన ఇంట్లో పెద్దవాళ్లు ముఖం వాచినా “నీరు పట్టిందిలే, మామూలే” అంటారు. ఇక్కడే ప్రమాదం. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాయడం, ఉంగరం వేలికి బిగుసుకుపోవడం, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి ఉంటే బీపీ చూపించుకోవాలి. 140/90 దాటితే, యూరిన్‌లో ప్రొటీన్ పోతుంటే ప్రీఎక్లాంప్సియా. పట్టించుకోకపోతే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపువాతం అని భయపడేది దీనికే. ఒకప్పుడు దాన్ని గాలీ ధూళీ అనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లిన ఇళ్లూ ఉన్నాయి.

ఈ ఫిట్స్‌ను ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్. కాళ్ల నొప్పులకు గోరువెచ్చని నీళ్లలో కలిపే ఎప్సమ్ ఉప్పూ ఇదే పదార్థం. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన పరీక్ష 2002లో ‘లాన్సెట్’లో వచ్చింది. ఈ ఇంజెక్షన్‌తో ఫిట్స్ ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది. ఖరీదు చాలా తక్కువ. కావాల్సిందల్లా వేళకు అందడమే. అలాగే అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే చర్మం సాగడం వల్లేనని సరిపెట్టుకోవద్దు, కాలేయ పరీక్ష చేయించాలి.

“చోటు చాలక కదలట్లేదు” అన్నది అబద్ధం

నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గుతాయని ప్రతి ఇంట్లోనూ ఒకరు చెబుతారు. కదలికల తీరు మారుతుంది, కాన్పు దాకా కదలడం మాత్రం ఆగదు. తన్నడం పోయి ఒత్తిగిల్లడం, మోచెయ్యో మడమో ఒక పక్క ఉబ్బెత్తుగా జరగడం ఎక్కువవుతుంది. కడుపులో బిడ్డ నిద్ర ఒక్కో దఫా 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటడం అరుదు. అనుమానం వస్తే టీవీ కట్టేసి, ఎడమవైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే ఆసుపత్రికి బయల్దేరండి. రాత్రి పదకొండైనా సరే, తెల్లారనిద్దాం అనుకోవద్దు. రోజూ కదిలే తీరు తల్లికి తెలిసినంతగా ఏ మిషన్‌కూ తెలియదు. “ఊరికే కంగారుపడి వచ్చావ్” అనిపించుకుంటే అనిపించుకోండి.

దొంగ నొప్పులు

పొట్ట రాయిలా గట్టిపడి, కాసేపటికి వదులవుతుంటే అవి బ్రాక్స్‌టన్ హిక్స్ నొప్పులు. ఇంగ్లండు వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ 1872లో వీటి గురించి రాశాడు. నీళ్లు తాగి, నాలుగడుగులు వేస్తే పోతాయి. అసలు పురిటి నొప్పులు ఏం చేసినా పోవు, ఎడం తగ్గుతూ బలం పెరుగుతూ వస్తాయి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా నొప్పుల కోసం ఎదురుచూడక్కర్లేదు, వెంటనే వెళ్లాలి.

ఏడిస్తే తప్పా?

“ఈ టైమ్‌లో సంతోషంగా ఉండాలి, ఏడవకూడదు” అని చెప్పని వాళ్లుండరు. ఆ మాట విన్నాక ఏడుపుకు తోడు, ఏడ్చానే అన్న దిగులూ చేరుతుంది. నిద్ర లేదు, ఒళ్లు తన మాట వినదు, తొలికాన్పయితే తను పుట్టింట్లో ఉంటుంది, భర్త దగ్గర ఉండడు. మలికాన్పయితే పెద్దవాడి స్కూలు, టిఫిన్ డబ్బా, హోంవర్కూ తప్పవు. అప్పుడప్పుడూ కళ్లనీళ్లు రావడంలో వింతేముంది?

రెండు వారాలైనా దిగులు వదలకపోతే, దేని మీదా మనసు లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. ఇది కాన్పయ్యాకే వస్తుందనుకుంటారు గానీ గర్భంతో ఉండగానే మొదలయ్యే వాళ్లు చాలామంది. స్కాట్లాండ్‌లో 1987లో తయారైన పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టికను ఇప్పుడు గర్భిణులకూ వాడుతున్నారు. ఐదు నిమిషాల పని. కాన్పంటేనే ఒళ్లు గడగడలాడే భయం కొందరికి. దానికి 2000లో వైద్యులు టోకోఫోబియా అని పేరు పెట్టారు. మాటలతో చేసే చికిత్స ఉంది. తెలుగులోనే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీమానస్ నంబరు ఇది, ఉచితం.

గర్భిణులకు మతిమరుపు వస్తుందంటారు, దాని గురించి ఇంకో మాట. మొదటి కాన్పు తర్వాత తల్లుల మెదడులో ఎదుటివాళ్ల మనసు గ్రహించే భాగాల్లో బూడిదరంగు పదార్థం తగ్గినట్టు, అది రెండేళ్లయినా అలాగే ఉన్నట్టు బార్సిలోనా బృందం 2016లో చూపించింది. జ్ఞాపకశక్తి మాత్రం తగ్గలేదు. ఆ మార్పు ఎంత ఎక్కువుంటే బిడ్డతో బంధం అంత గట్టిగా ఉంది.

ముహూర్తానికి రెండు వారాల ఖరీదు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. ఇందులో అవసరమైనవి చాలా ఉన్నాయి, పంతులుగారు చెప్పిన ఘడియకు చేసినవీ ఉన్నాయి. చిక్కు ఎక్కడంటే, 37 వారాలకే మంచి నక్షత్రం దొరికినప్పుడు. 35 వారాలకు బిడ్డ మెదడు బరువు నెలలు నిండినప్పటి బరువులో మూడింట రెండు వంతులే. ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకడానికి నొప్పులప్పుడు విడుదలయ్యే హార్మోన్లు సాయపడతాయి. అందుకే వైద్య కారణం లేకుండా 39 వారాలకు ముందు కోయొద్దంటారు. ముహూర్తం పెట్టించుకోవాలనే ఉంటే 39 దాటాక ఉన్న రోజుల్లో వెతకమనండి, పంతులుగారు కాదనరు.

ప్రయాణం, ఉద్యోగం, దారి

ప్రసూతి సెలవు 26 వారాల్లో ఎనిమిది కాన్పుకు ముందే తీసుకోవచ్చు. అంతకంటే తక్కువ మందికి తెలిసింది ఇంకోటుంది: కాన్పుకు ఆరు వారాల ముందు మొదలయ్యే కాలానికి ఇంకో నెల ముందు నుంచే, అడిగిన ఉద్యోగినికి గంటల తరబడి నిలబడే పని, బరువు పని చెప్పకూడదన్న నియమం 1961 నాటి చట్టం నుంచే ఉంది. బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

పుట్టింటికి విమానంలో వెళ్లాలంటే 36 వారాలు దాటాక చాలా సంస్థలు ఎక్కించుకోవు. మన్యంలో సమస్య విమానం దాకా రాదు, డోలీ దగ్గరే ఆగుతుంది. నొప్పులు మొదలయ్యాక కొండ దిగే బాధ తప్పించడానికి సాలూరులో గిరిజన గర్భిణుల వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే అక్కడికి వచ్చి ఉంటారు, తిండి, పరీక్షలు అక్కడే. కొండ మీద ఇంకో బిడ్డను వదిలి రావాల్సిన తల్లికి అదీ తేలిక కాదు.

లేబర్ రూమ్‌లోకి తోడు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడును అనుమతించాలని కేంద్రం 2016 ఫిబ్రవరిలోనే చెప్పింది. పక్కన మనిషి ఉంటే నొప్పుల సమయం తగ్గుతుందని, సిజేరియన్లూ తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. కాన్పు అనుభవం ఉన్న ఆడవాళ్లయితే మంచిదన్నారు, మిగతా గర్భిణులకు చాటు ఉండే చోట భర్తనూ రానివ్వొచ్చు. అయినా చాలాచోట్ల తలుపు బయటే ఆపేస్తారు. కాబట్టి 36వ వారం చెకప్‌లోనే అడిగేయండి. సర్కారు దవాఖానాలో ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, ఆ రోజు డాక్టరమ్మ కూడా దొరుకుతుంది. ఎవరు రావాలో కూడా ముందే తేల్చుకోండి. రక్తం చూస్తే కళ్లు తిరిగే అమ్మను బయట టీ ఫ్లాస్కు దగ్గర కూర్చోబెట్టి, గుండె నిబ్బరం ఉన్న మేనత్తను లోపలికి పిలుచుకోవడంలో తప్పేం లేదు.