పొలము పటముపై పావులు, దశాంశములు



పలనాటిలోని దుర్గి శిల్పులకు పేరుగన్న ఊరు. శిల్పి ఉలి మోపుటకు ముందే గీత గీచుకొనును. గీత తప్పినచో తుడువవచ్చును. చెక్కిన రాతిని మరల అతుకరాదు. పొలమునకు సరిహద్దురాయి పాతుటయు నట్టిదే. ముందుగా కాగితముపై దాని చోటు సరిగా గుర్తింపవలెను. ఆ విధమునే నేడు విచారింతము.

పావు, అర, ముప్పావు, వీసము మనకు క్రొత్తవి కావు. దశాంశములును క్రొత్తవి కావు. ముప్పావు ఎకరమన్నను, 75 సెంట్లన్నను, 0.75 ఎకరమన్నను ఒక్కటియే గదా! 1620 ప్రాంతమున ఇంగ్లండులో గంటరు అను పండితుడు కల్పించిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. గొలుసులో నూరవపాలు లింకు. ఎకరములో నూరవపాలు సెంటు.

ఇక పటము. గడుల కాగితముపై తూర్పునకు ఒక గీతయు, ఉత్తరమునకు ఒక గీతయు గీయుడు. అవి కలిసిన చోటు మూలబిందువు. అది మన మూలరాయి. ఒక్కొక్క గడి ఒక్కొక్క గొలుసు. గడిని పది భాగములు చేసినచో ఒక్కొక్క భాగము పది లింకులు. తూర్పునకు రెండున్నర, ఉత్తరమునకు ముప్పావు గొలుసు అనగా (2.5, 0.75). తూర్పున రెండు గడులు దాటి మూడవదాని నడుమకు పోవలెను. అచటినుండి పైకి ఏడవ, ఎనిమిదవ చిన్నగీతల నట్టనడుమ చుక్క పెట్టవలెను. ఈ జంట అంకెలనే నిరూపకములందురు.

ఇచట రెండు పొరపాట్లు కలవు. 45 అయిదుకంటె పెద్దది గనుక 0.45 కూడ 0.5 కంటె పెద్దదని కొందరు భ్రమపడుదురు. కాని 0.5 గొలుసు 50 లింకులు, 0.45 గొలుసు 45 లింకులే. రెండవది సున్న మరచుట. 0.5 గొలుసు 33 అడుగులు, 0.05 గొలుసు మూడడుగుల చిల్లర మాత్రమే.

మరియొక చిక్కు. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు గల ఎకరమును ముగ్గురు అన్నదమ్ములు పంచుకొనిరనుకొందము. మొదటి హద్దు 3⅓ వద్దను, రెండవది 6⅔ వద్దను పడవలెను. లెక్క వ్రాయువాడు 3.3, 6.6 అని వ్రాసినచో, పెద్దవానికి 33 సెంట్లు, నడిమివానికి 33, కడపటివానికి 34! మొదటి రాయి 2.2 అడుగులు, రెండవది 4.4 అడుగులు జరిగినవి. కోర్టు కెక్కుటకు ఈ మాత్రము చాలదా? 3.33, 6.67 అని వ్రాసినచో తప్పు మూడంగుళములకు లోపలనే యుండును. మూడవపాలును దశాంశములలో ఎంతదూరము వ్రాసినను ముగియదు. గీతపై మాత్రము దాని చోటు ఒక్కటియే. కావున పంపకపు కాగితమున భిన్నమును భిన్నముగానే వ్రాయించుట మేలు.

ఈ లెక్క పాతబడలేదు. 2020 డిసెంబరున ఆంధ్రప్రదేశమున ఆరంభమైన రీసర్వేలో ఉపగ్రహముల సాయముతో సరిహద్దులు గుర్తించిరి. భూగోళముపై దుర్గి పదునారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు కొంచెము దిగువను, డెబ్బదితొమ్మిదిన్నర తూర్పు రేఖాంశమునకు చేరువను ఉన్నది. ఇదియు ఒక నిరూపకముల జంటయే. అయితే అక్షాంశమున డిగ్రీలో నూరవపాలు సుమారు 1.1 కిలోమీటరు, లక్షవపాలు సుమారు 1.1 మీటరు. రెండంకెలతో ఊరు దొరకును. గట్టు దొరకవలెనన్న అయిదంకెలును చాలవు.

కావున పటము మీ చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: ఏ రాతినుండి కొలిచిరి? ఏ కొలతతో? బిందువు తరువాత ఎన్ని అంకెలు? ఇవి తేలిన పిదపనే గడ్డపార ఎత్తనిండు.